తుపానుకు ముందు ఖర్చు: స్థానిక సన్నద్ధత గ్రాంట్లు, వాటి నిబంధనలు

తుపాను వచ్చే సూచన ఉందని వాతావరణ శాఖ చెప్పే తొలి మాట, తీరం దాటడానికి దాదాపు 72 గంటల ముందు వస్తుంది. 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు అసలు హెచ్చరిక. ఈ మూడు రోజుల్లో తీరప్రాంత మండలంలో ఏమేం జరగాలో అక్కడి ఉద్యోగులకు కంఠతా వచ్చు. షెల్టర్ తాళం తీసి ఊడ్పించాలి. జనరేటర్‌కు డీజిల్ పోయించి ఒకసారి తిప్పి చూడాలి. ఓవర్‌హెడ్ ట్యాంకులు నింపించాలి. నెలలు నిండిన గర్భిణులను ఆసుపత్రికి చేర్చాలి. చెట్లు కోసే రంపాలు, జేసీబీలు దగ్గర పెట్టుకోవాలి. పడవల వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. వీటిలో డబ్బు అడగని పని ఒక్కటీ లేదు.

ఆ డబ్బు ఏ పద్దులోంచి, ఎవరి సంతకంతో, ఏ రోజున బయటికి వస్తుందన్న ప్రశ్న మన పత్రికల్లో అరుదుగా కనిపిస్తుంది. విపత్తు అంటే మనం చర్చించేది నష్టపరిహారం గురించి, కేంద్రం ఎంత ఇచ్చింది, రాష్ట్రం ఎంత అడిగింది అన్న దాని గురించి. వాన పడకముందు పెట్టాల్సిన ఖర్చుకు ఉన్న నిబంధనలను వరసగా చదువుకుంటూ వస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. డబ్బు దారి తప్పకూడదన్న జాగ్రత్త ఈ నిబంధనల్లో పుష్కలంగా ఉంది. డబ్బు వేళకు చివరి మెట్టు దాకా దిగాలన్న పట్టుదల మాత్రం లేదు. చివరి మెట్టు అంటే జిల్లా, మండలం, పంచాయతీ. వరదనీరు ముందుగా వచ్చేది అక్కడికే.

ఈ ధోరణికి చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలపు కరవు స్మృతుల నుంచి మన యంత్రాంగం నేర్చుకున్నది సహాయం పంచడం. స్వాతంత్ర్యం తర్వాత రెండో ఆర్థిక సంఘం విపత్తు ఖర్చుల కోసం ‘మార్జిన్ మనీ’ పేరుతో రాష్ట్రాలకు కొంత సొమ్ము లెక్కగట్టింది. తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫార్సుతో 1990లో విపత్తు సహాయ నిధి ఏర్పడింది. పేరులోనే సహాయం ఉంది, దాని స్వభావం కూడా అదే. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చాక, పదమూడో ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు 2010 ఏప్రిల్ నుంచి ఆ పాత నిధి రాష్ట్ర విపత్తు స్పందన నిధిగా మారింది. వాడుకలో ఎస్‌డీఆర్ఎఫ్. పేరు మారినా మార్గదర్శకాల్లో పాత భావమే కొనసాగింది. ఈ నిధి బాధితులకు తక్షణ సహాయం కోసం మాత్రమేనని, సన్నద్ధత, పునర్నిర్మాణం, ముప్పు తగ్గింపు పనుల ఖర్చు ఇందులో కలపకూడదని, వాటిని మామూలు బడ్జెట్ పద్దుల నుంచి పెట్టుకోవాలని అప్పటి మార్గదర్శకాలు స్పష్టంగా రాశాయి. వెసులుబాటు అంటూ ఉన్నది రెండు చోట్ల. గాలింపు, రక్షణ, తరలింపు పరికరాల కొనుగోలుకు వార్షిక కేటాయింపులో 10 శాతం దాకా, సిబ్బంది శిక్షణ వంటి వాటికి 5 శాతం దాకా ఖర్చు చేయవచ్చు. అంటే ముందుచూపు అప్పట్లో అసలు నియమం కాదు, దానికి ఇచ్చిన మినహాయింపు.

2005 చట్టం మాత్రం ఇంతకంటే విశాలంగా ఆలోచించింది. అందులోని 48వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో నాలుగు నిధులుండాలి: రాష్ట్ర స్థాయిలో స్పందనకు ఒకటి, ముప్పు తగ్గింపుకు ఒకటి, జిల్లా స్థాయిలోనూ అలాగే రెండు. కలెక్టర్ అధ్యక్షుడిగా, ఎన్నికైన స్థానిక సంస్థ ప్రతినిధి సహాధ్యక్షుడిగా జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. జిల్లా ప్రణాళిక ఉండాలి. ప్రతి ప్రభుత్వ శాఖ తన బడ్జెట్‌లో ముప్పు తగ్గింపుకు, సన్నద్ధతకు కేటాయింపు చూపాలని 49వ సెక్షన్ చెబుతుంది. స్థానిక సంస్థల సిబ్బందికి శిక్షణ, పరికరాల నిర్వహణ 41వ సెక్షన్ కింద ఆ సంస్థల బాధ్యత. చట్టం రాసిన వాళ్లు ఊరినీ మర్చిపోలేదు, జిల్లానూ మర్చిపోలేదు. అమలులో మాత్రం పై రెండు అంతస్తులే లేచాయి. జాతీయ స్థాయిలో ముప్పు తగ్గింపు నిధి ఏర్పాటు చేయాలని 2016 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు గడువు పెట్టి ఆదేశించింది. ఆ నిధి ఏర్పడింది 2021 ఫిబ్రవరిలో. చట్టం వచ్చిన పదిహేనేళ్లకు, కోర్టు చెప్పిన అయిదేళ్లకు దగ్గరగా. జిల్లా నిధుల సంగతి ఇంకా వెనకబడి ఉంది. చాలా రాష్ట్రాల్లో కలెక్టర్ చేతికి విడిగా, తనదిగా ఉండే జిల్లా విపత్తు నిధి లేదు. రాష్ట్ర నిధి నుంచి మంజూరయ్యేదే ఆయనకు దిక్కు.

పదిహేనో ఆర్థిక సంఘం ఈ కథలో పెద్ద మలుపు. 2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకు రాష్ట్రాల విపత్తు నిధులకు మొత్తం 1,60,153 కోట్ల రూపాయలు లెక్కగట్టింది. అందులో కేంద్ర వాటా 1,22,601 కోట్లు. మామూలు రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం ఇస్తే రాష్ట్రం 25 శాతం కలపాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90, 10. మొత్తంలో 80 శాతం స్పందన నిధికి, 20 శాతం ముప్పు తగ్గింపు నిధికి. స్పందన నిధిలోని ఆ 80 మళ్లీ మూడు ముక్కలు: తక్షణ సహాయానికి 40, కోలుకోవడానికీ పునర్నిర్మాణానికీ 30, సన్నద్ధతకూ సామర్థ్యం పెంపునకూ 10. దేశంలో మొదటిసారి సన్నద్ధతకు విపత్తు నిధిలో తనదంటూ ఒక వాటా వచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ పక్కనే ఇంకో వాక్యం ఉంది. స్పందన నిధికీ ముప్పు తగ్గింపు నిధికీ మధ్య సొమ్ము అటూ ఇటూ మార్చకూడదు. స్పందన నిధిలోని మూడు ముక్కల మధ్య మాత్రం సర్దుబాటుకు వీలుంది. ఆ సర్దుబాటు ఎటువైపు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పెద్ద వరద వచ్చిన ఏడాది బాధితుల సహాయానికి డబ్బు చాలదు, ముందుగా కరిగేది సన్నద్ధత వాటా. వరద లేని ఏడాది ఎవరికీ తొందర ఉండదు. రెండు సందర్భాల్లోనూ ఆ 10 శాతం కాగితం మీదే మిగిలిపోయే ప్రమాదం ఉంది. ముప్పు తగ్గింపు నిధి చుట్టూ కట్టిన గోడ సన్నద్ధత వాటా చుట్టూ కూడా కట్టి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఆ 10 శాతం అంటే ఎంత? 2020-21లో తెలంగాణ విపత్తు నిధుల మొత్తం కేటాయింపు 599 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,491 కోట్లు. గతంలో రాష్ట్రం చేసిన ఖర్చుకు ఎక్కువ బరువిచ్చి, విస్తీర్ణం, జనాభా, ముప్పు సూచిక కలిపి ఆర్థిక సంఘం ఈ అంకెలు తేల్చింది. తుపానుల మీద దశాబ్దాలుగా ఖర్చు పెడుతూ వచ్చిన కోస్తా రాష్ట్రానికి అందుకే ఎక్కువ వచ్చింది. తెలంగాణ అంకె తీసుకుంటే సన్నద్ధత వాటా సుమారు 60 కోట్లు. 33 జిల్లాలకు సమంగా పంచితే జిల్లాకు కోటీ ఎనభై లక్షలు. 600కు పైగా ఉన్న మండలాలకు పంచితే మండలానికి పది లక్షలు కూడా రావు. తక్కువే అనిపిస్తుంది. కానీ ఏడాదికి ఎనిమిది తొమ్మిది లక్షలు నమ్మకంగా వస్తాయని తెలిస్తే ఒక మండలం ఏం చేయగలదో చూడండి. లైఫ్ జాకెట్లు, తాళ్లు, టార్చిలైట్లు కొని ఏటా చిరిగినవి మార్చుకోవచ్చు. జనరేటర్‌కు సర్వీసింగ్ చేయించవచ్చు. వానాకాలానికి ముందు ఒకసారి, ఈశాన్య రుతుపవనాల ముందు ఒకసారి ఊళ్లలో మాక్ డ్రిల్ పెట్టవచ్చు. ఈతగాళ్ల జాబితా రాసి, వాళ్లకు బీమా కట్టవచ్చు. మండలానికి కావలసింది పెద్ద మొత్తం కాదు, ఏటా తప్పకుండా వచ్చే మొత్తం. నిధుల పంపకం రాష్ట్ర కార్యాలయం దగ్గర ఆగిపోవడం వల్ల అదే దొరకడం లేదు.

డబ్బు వాటా తేలినా, ఖర్చు చేసే పద్ధతి చెప్పే మార్గదర్శకాలు రావాలి. ఇక్కడా ఆలస్యమే. ముప్పు తగ్గింపు నిధి మార్గదర్శకాలు 2022లో వచ్చాయి. పునర్నిర్మాణం వాటాకు సంబంధించినవి 2024 ఆగస్టులో, అంటే అయిదేళ్ల గడువులో మూడేళ్లు దాటాక. సన్నద్ధత పద్దులో స్పష్టంగా కదిలిన పెద్ద పథకం అగ్నిమాపక సేవల విస్తరణ. జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి 5,000 కోట్లతో 2023 జులైలో మొదలైంది. రాష్ట్రాలు తమ వాటా కలపాలి, కొంత మొత్తం సంస్కరణలు చేసిన వాళ్లకు ప్రోత్సాహకంగా వస్తుంది. ఫైరింజన్లు పాతబడి, మండల కేంద్రానికి చేరే లోపు గడ్డివాములు, పూరిళ్లు బూడిదయ్యే మన ప్రాంతాలకు ఇది అక్కరకొచ్చే డబ్బు. దానికంటే ముందు ‘ఆపద మిత్ర’ వచ్చింది. 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు శిక్షణ, ఒక్కొక్కరికి కిట్, బీమా. ఖర్చు 369 కోట్లు. మంచి పథకం. శిక్షణ పొందిన వాళ్లను రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ పిలిచి కొత్తగా నేర్పించే ఖర్చు, కిట్‌లో పాడైన వస్తువులు మార్చే ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు పథకం అయిపోయాక జిల్లాలోనే జవాబు వెతుక్కోవాలి.

నిర్వహణ ఖర్చు మన గ్రాంట్లన్నిటికీ ఉన్న బలహీనత. కట్టడానికి డబ్బు వస్తుంది, కట్టినదాన్ని నిలబెట్టడానికి రాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి. ప్రపంచ బ్యాంకు రుణంతో 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు మొదటి దశకు ఎంచుకున్న రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, ఒడిశా. కొత్త షెల్టర్లు, వాటికి వెళ్లే రోడ్లు, వంతెనలు ఆ డబ్బుతోనే వచ్చాయి. 2014లో విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్ నాటికి మరణాలు పదుల్లోకి దిగాయంటే కారణం హెచ్చరిక, తరలింపు, చేరడానికి గట్టి గోడలు. కానీ ఉప్పుగాలి తినేసిన తలుపులకు రంగు వేయడం, మరుగుదొడ్ల పైపులు మార్చడం, సోలార్ బ్యాటరీ కొనడం ఏ ప్రాజెక్టులోనూ పెద్ద అంశంగా ఉండదు. అది రెవెన్యూ ఖర్చు. మూలధన ఖర్చుకు శిలాఫలకం ఉంటుంది, రెవెన్యూ ఖర్చుకు ఉండదు. సన్నద్ధత వాటాలో కొంత భాగాన్ని నిర్వహణకే కేటాయించాలని మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం రాస్తే, కొత్తగా కట్టే నాలుగు షెల్టర్ల కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇక డబ్బు దాచే పద్ధతి. ఈ నిబంధనల్లో గట్టిగా పట్టుకోవాల్సిన భాగం ఇది. స్పందన నిధి రాష్ట్ర ఖజానాలో మామూలు డబ్బులా కలిసిపోకూడదు. పబ్లిక్ అకౌంట్‌లో వడ్డీ వచ్చే రిజర్వు నిధిగా, 8121 పద్దు కింద ఉండాలి. ఖర్చు 2245 పద్దులో కనపడాలి. ప్రభుత్వ సెక్యూరిటీల్లో, ట్రెజరీ బిల్లుల్లో, వాణిజ్య బ్యాంకు డిపాజిట్లలో మదుపు చేయాలి. మదుపు చేయకుండా రాష్ట్రం తన అవసరాలకు వాడుకుంటే ఓవర్‌డ్రాఫ్ట్ రేటున వడ్డీ కట్టాలి. కేంద్ర వాటా ఏటా రెండు విడతలుగా, జూన్‌లో, డిసెంబరులో వస్తుంది. మునుపటి విడత లెక్క చెప్పకపోతే తర్వాతి విడత ఆగుతుంది. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే రాష్ట్ర కార్యనిర్వాహక సంఘం ప్రతి ఖర్చునూ ఆమోదించాలి. చదవడానికి విసుగు పుట్టించే నియమాలే. వాటి విలువ ఎంతో ఆంధ్రప్రదేశ్ అనుభవం చెప్పింది. కోవిడ్ మృతుల కుటుంబాలకు స్పందన నిధి నుంచి ఇవ్వాల్సిన 50 వేల రూపాయల సాయం విషయంలో కేసులు నడుస్తున్నప్పుడు, ఈ నిధిలోని 1,100 కోట్లు వ్యక్తిగత డిపాజిట్ (పీడీ) ఖాతాకు మళ్లాయన్న సంగతి సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆ మొత్తాన్ని రెండు వారాల్లో తిరిగి స్పందన నిధిలో జమ చేయాలని 2022 జులైలో కోర్టు ఆదేశించింది. పీడీ ఖాతాలోకి వెళ్లిన డబ్బు లెక్కల్లో ఖర్చయినట్టు కనిపిస్తుంది, ఖర్చు కాదు. ఉన్నట్టూ కనిపిస్తుంది, చేతికి రాదు. తుపాను వచ్చిన రోజు కలెక్టర్‌కు అవసరమయ్యేది ఆ డబ్బే. కాబట్టి నిధిని కాపాడే నిబంధనలను సడలించాలన్న వాదనను నేను ఒప్పుకోను.

సడలించాల్సినవి వేరే ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను ముంచింది, మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. ఆ వెంటనే మొదలైన వాదం ఈ విషయంలో మంచి పాఠం. తెలంగాణ స్పందన నిధిలో 1,300 కోట్లకు పైగా ఉందన్నది కేంద్రం మాట. లెక్కలు, వినియోగ పత్రాలు సరిగా రాలేదన్నదీ ఆ మాటలో భాగమే. ఉన్న డబ్బు కూడా ఈ నిధి ఖర్చుకు పెట్టిన ప్రమాణాలతో ఖర్చు చేయలేకపోతున్నామని, నిబంధనలు సడలించాలని రాష్ట్రం అడిగింది. రెండు వైపులా కొంత నిజముంది. తర్వాత అక్టోబరు 1న కేంద్రం 14 రాష్ట్రాలకు 5,858 కోట్లు విడుదల చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు, తెలంగాణకు 416 కోట్లు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో జాతీయ స్పందన నిధి నుంచి అదనపు సాయంగా ఆంధ్రప్రదేశ్‌కు 608 కోట్లు, తెలంగాణకు 231 కోట్లు మంజూరయ్యాయి. ఈ అదనపు సాయానికి ఒక షరతు ఉంటుంది. ఆ ఏడాది మొదట్లో రాష్ట్ర నిధిలో మిగిలి ఉన్న నిల్వలో సగం, మంజూరైన సాయంలోంచి మినహాయిస్తారు. నిల్వ పేరుకుపోకుండా ఖర్చు చేయించాలన్న ఉద్దేశం సరైనదే. కానీ నిల్వ ఎందుకు పేరుకుందో ఈ సూత్రం అడగదు. నిర్లక్ష్యం వల్ల మిగిలిన డబ్బుకూ, సన్నద్ధత కోసం జాగ్రత్తగా దాచిన డబ్బుకూ ఒకే కోత.

ఏ విపత్తుకు ఖర్చు చేయవచ్చన్నది ఇంకో చిక్కు. 2021-26 కాలపు జాతీయ జాబితాలో 12 విపత్తులున్నాయి: తుపాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం, హిమపాతం, కుంభవృష్టి, చీడపీడల దాడి, మంచు-చలిగాలులు. వడగాడ్పు లేదు, పిడుగు లేదు. రెండూ మన రాష్ట్రాల్లో మనుషుల్ని తీసుకుపోయేవే. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు 1,500 మందికి పైగా చనిపోయారు. స్థానిక విపత్తులని రాష్ట్రం ప్రకటించుకుంటే వాటికి నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను ఇలా ప్రకటించి, మృతుల కుటుంబానికి 4 లక్షల సాయం వర్తింపజేసింది. మంచి నిర్ణయం. అయితే వడగాడ్పు విషయంలో అసలు ఖర్చు మరణం తర్వాతది కాదు. చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఉపాధి హామీ పనిచోట నీడ, మధ్యాహ్నం పని ఆపించే ప్రచారం, ఆసుపత్రిలో ఐసు, సెలైన్లు. ఇవన్నీ ఫిబ్రవరి, మార్చిలలోనే మొదలవ్వాలి. ఆ రెండు నెలలు ఆర్థిక సంవత్సరం చివర. వినియోగ పత్రాల హడావిడి, బిల్లుల స్తంభన, చివరి నెలల్లో ఖర్చు గుప్పించడాన్ని తప్పుపట్టే ఆర్థిక నియమాలు అన్నీ ఆ నెలల్లోనే కలుస్తాయి. నియమం సరైనదే, ఎండలు మాత్రం మార్చి 31 దాకా ఆగవు.

కొనుగోళ్ల దగ్గరికి వస్తే, చట్టంలోని 50వ సెక్షన్ అత్యవసర కొనుగోలుకు అనుమతి ఇస్తుంది. విపత్తు వచ్చినప్పుడు, లేదా ముంచుకొస్తున్నప్పుడు టెండర్లు పిలవాల్సిన పని లేదు. దుర్వినియోగం చేస్తే 53వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. జిల్లాల్లో దీనికంటే ఎక్కువగా వినిపించే మాట ‘టీఆర్-27’. ట్రెజరీ నిబంధన 27 ప్రకారం అత్యవసరమైతే కలెక్టర్ రాతపూర్వకంగా ఆదేశించి, మామూలు నిబంధనలతో సంబంధం లేకుండా ఖజానా నుంచి సొమ్ము చెల్లించమనవచ్చు; కారణాలు వెంటనే పైకి తెలియజేయాలి. ఎన్నో వరదల్లో అన్నం పొట్లాలు, పడవలు, పాల ప్యాకెట్లు ఈ నిబంధన వల్లే కదిలాయి. దాని వెనకాలే ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. ముందు స్థూలంగా డ్రా చేసిన ఏసీ బిల్లుకు తర్వాత వివరాలతో డీసీ బిల్లు పెట్టాలి. ఎన్నిసార్లు పడవ తిరిగింది, ఎంత డీజిల్ తాగింది, ఎవరు సంతకం చేశారు? నీళ్లలో నిలబడి పనిచేసిన రోజు లాగ్‌బుక్ ఎవరూ రాయరు. ఆరు నెలల తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఒకసారి ఆ చేదు రుచి చూసిన తహసీల్దారు మరుసటి తుపానుకు సరుకు అప్పు తెప్పిస్తాడు తప్ప డబ్బు డ్రా చేయడు. అప్పిచ్చిన కిరాణా వ్యాపారి, జేసీబీ యజమాని బిల్లు కోసం కలెక్టరేట్ చుట్టూ తిరుగుతాడు. మూడోసారి పిలిస్తే రాడు.

దీనికి మందు టెండర్లను ఇంకా ఎత్తేయడం కాదు. మే నెలలోనే ప్రతి జిల్లా పడవలకు, జేసీబీలకు, జనరేటర్లకు, టార్పాలిన్లకు, వంట సరుకులకు బహిరంగంగా ధరలు పిలిచి ఏడాది ఒప్పందం చేసుకోవచ్చు. అవసరం పడ్డ రోజు ఫోన్ చేస్తే చాలు, ధర మీద బేరం ఉండదు, ఆడిట్‌కు కాగితం ఉంటుంది. ఈ పనికి ఇప్పటి నిబంధనల్లో ఏ అడ్డూ లేదు. స్పందన నిధి ప్రమాణాల్లో కూడా తరలింపు ఖర్చు దగ్గర ముప్పు పడ్డవారితో పాటు పడబోయేవారి మాట ఉంది, వాస్తవ ఖర్చు చెల్లిస్తారు. రాష్ట్ర సంఘం తర్వాత లెక్క చూసి ఆమోదించే బదులు, వాతావరణ శాఖ 48 గంటల అప్రమత్తత ప్రకటించగానే ఆయా తీర మండలాల ఖాతాలో నిర్ణీత మొత్తం తానుగా పడేలా ముందే ఉత్తర్వు ఇచ్చి ఉంచితే ఆలస్యానికి తావుండదు. హెచ్చరిక తేదీ, గంట రికార్డులో ఉంటాయి. దుర్వినియోగానికి అవకాశం తక్కువ.

పంచాయతీ చేతిలో ఉన్నది వేరే డబ్బు. పదిహేనో ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం నిర్దిష్ట పనులకే: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సేకరణకు. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు, జీతాలు, కార్యాలయ ఖర్చులు తప్ప. ముంపు కాలువ పూడిక, వరద మట్టం రాతి గుర్తు, మైకు సెట్టు, చేతిపంపు చుట్టూ ఎత్తు గట్టు, ఇవన్నీ ఈ 40లో చేయవచ్చు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాసుకోవాలి, ఈ-గ్రామస్వరాజ్‌లో ఎక్కించాలి. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2022 మార్చిలో తన విపత్తు నిర్వహణ ప్రణాళిక విడుదల చేస్తూ ఊరి స్థాయి ప్రణాళికలు గ్రామసభల నుంచి రావాలని కోరింది. కానీ ఈ డబ్బు ఊరికి చేరే దారిలో రెండు అడ్డంకులు మనం చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులు విద్యుత్ బకాయిలకు సర్దుబాటయ్యాయి, సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరితో పాలకవర్గాల గడువు ముగిసి, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగే దాకా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన సంస్థలకే గ్రాంటు అన్న నిబంధన వల్ల ఆ కాలంలో కేంద్ర గ్రాంటు ఆగింది. ఖమ్మం వరద సరిగ్గా ఆ మధ్యే వచ్చింది. ఊరికి సర్పంచ్ లేడు, గ్రాంటు లేదు, నీళ్లు మాత్రం వచ్చాయి. ఎన్నికలు వేళకు పెట్టించడానికి ఆ షరతు అవసరమే, కానీ ఎన్నికలు వాయిదా పడినందుకు శిక్ష ఊరి సన్నద్ధతకు పడకూడదు. ఆ మేరకైనా మినహాయింపు ఇవ్వాలి.

ఇతర దేశాలు ఈ చివరి మెట్టు సమస్యను ఎలా తీర్చుకున్నాయన్నది మనకు పనికొస్తుంది. ఫిలిప్పీన్స్ 2010లో చేసిన చట్టం ప్రకారం ప్రతి స్థానిక ప్రభుత్వం తన మామూలు ఆదాయంలో కనీసం 5 శాతం విపత్తు నిధికి పక్కన పెట్టాలి. అందులో 30 శాతం మాత్రమే సత్వర స్పందనకు, మిగతా 70 శాతం ముందస్తు పనులకు, శిక్షణకు, పరికరాలకు, బీమాకు. ఏడాది చివర మిగిలింది పోదు. ప్రత్యేక ఖాతాలో చేరి అయిదేళ్ల పాటు అదే పనికి ఉంటుంది, ఆ తర్వాతే సాధారణ నిధికి పోతుంది. ఏటా పదుల తుపానులు చూసే దేశం అనుభవం మీద రాసుకున్న సూత్రం ఇది. మనవాళ్లు తప్పక చదవాలి.

అమెరికాలో కేంద్రం ఇచ్చే అంతర్గత భద్రత గ్రాంటులో కనీసం 80 శాతాన్ని రాష్ట్రం 45 రోజుల్లో కౌంటీలకు, నగరాలకు పంపి తీరాలి. అత్యవసర నిర్వహణ సంస్థల జీతాలకు, శిక్షణకు, ప్రణాళికలకు ఇచ్చే మరో గ్రాంటులో ప్రతి డాలరుకూ స్థానికంగా డాలరు కలపాలి. కొనదగ్గ పరికరాల జాబితా ముందే అచ్చయి ఉంటుంది. కేంద్ర గ్రాంటుతో అప్పటిదాకా స్థానికంగా పెట్టుకుంటున్న ఖర్చును తప్పించుకోకూడదన్న నియమం కూడా ఉంది. మన పంచాయతీల విద్యుత్ బకాయిల ఉదంతం చూశాక ఆ నియమం ఎందుకో అర్థమవుతుంది. అక్కడా దుబారా జరిగింది, అవసరం లేని పరికరాలు కొన్నారన్న విమర్శలు వచ్చాయి. సగం ఖర్చు స్థానికంగా కలపమంటే మన పేద మండలాలు అసలు గ్రాంటే వద్దనుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఆ పద్ధతి మొత్తం తెచ్చుకోనక్కర లేదు. గడువుతో కూడిన కనీస వాటా కింది స్థాయికి అన్న ఒక్క నియమం తెచ్చుకుంటే చాలు.

నగరాల విషయం ఇప్పుడే తెరుచుకుంటోంది. పట్టణ వరదలు తగ్గించడానికి ఏడు నగరాలకు 2,500 కోట్లు సిఫార్సు చేసిన పదిహేనో ఆర్థిక సంఘం, హైదరాబాద్‌కు అందులో 250 కోట్లు రాసింది. 2025లో వచ్చిన విపత్తు నిర్వహణ సవరణ చట్టం రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేసే అధికారం రాష్ట్రాలకు ఇస్తోంది. విజయవాడకు, వరంగల్‌కు, గుంటూరుకు, కరీంనగర్‌కు ఇది వర్తిస్తుంది. జిల్లా నిధులకు పట్టిన గతి వీటికి పట్టకుండా ఉండాలంటే, ఆ సంస్థలను ఏర్పాటు చేస్తూ ఇచ్చే జీవోలోనే మూడు సంగతులు రాయాలి: సన్నద్ధత వాటాలో నగరానికి ఏటా ఎంత శాతం, అది ఏ తేదీలోగా చేరాలి, మిగిలింది ఎన్నేళ్లు నిలవ ఉంటుంది. జిల్లా నిధికీ అవే మూడు వాక్యాలు కావాలి. చట్టం సవరించాల్సిన పని లేదు, 48వ సెక్షన్ ఎప్పటినుంచో ఉంది. రాష్ట్ర కార్యనిర్వాహక సంఘం ఒక్కసారి కూర్చుని తీర్మానిస్తే వచ్చే జూన్ విడత నుంచే అమలు చేయవచ్చు.